ఆర్డిస్ వేసిన ప్రకటన

ఆ కాలేజీ ఆటల ఆఫీసులో ఆర్డిస్ టోర్విక్‌ది ఇరవై రెండేళ్ల సర్వీసు. ఏటా ఆగస్టులో ఆటగాళ్లను కూర్చోబెట్టి నిబంధనలు చదివి, సంతకాలు పెట్టించేది ఆవిడే. "పని చేసుకోండి, ఎవరూ వద్దనరు. కానీ ఆటగాళ్లమని చెప్పి, ఫొటో వేయించుకుని ఒక్క డాలరు తీసుకున్నారో, ఇక ఆట మరిచిపోండి!" అని వేలు ఆడించేది. కోచ్ గారి మొహం మాత్రం ఊళ్లో కార్ల షాపు బోర్డు మీద పళ్లికిలిస్తూ ఉండేది. అది తప్పు కాదట! ఏం న్యాయమో మరి.

లూథరన్ చర్చిలో ఆదివారం పంచే కాగితం టైపు చేసేదీ ఆవిడే. ఆ ఊళ్లో ఎవరు కుర్చీలు సర్దినా, కాఫీ కాచినా, పేరుతో సహా అందులో పడాల్సిందే. పడకపోతే అలకలు.

అమ్మాయిల ఐస్ హాకీ జట్టుకి డానికా రోషాక్ గోల్ కీపర్. అదే ఆఖరి ఏడాది. వాళ్లమ్మ పనిచేసే కాగితం మిల్లు మూతపడటంతో, డానికా శనివారాలు ఊరి మంచు రింకులో చిన్నపిల్లలకు స్కేటింగ్ నేర్పి నాలుగు డబ్బులు ఇంటికి పంపేది. అంతవరకు నిబంధనలకు లోబడే ఉంది. పాపం, వచ్చేది నలుగురే పిల్లలు.

ఆర్డిస్ మనసు ఊరుకోలేదు. రింకు దగ్గర తనే ఒక ఫొటో తీసి, "మన కాలేజీ గోల్ కీపర్ డానికా దగ్గర మీ పిల్లలకు స్కేటింగ్ నేర్పించండి" అని చర్చి కాగితంలో వేసేసింది. ఇరవై రెండేళ్లు నిబంధనలు వల్లించిన మనిషికి ఇదీ ప్రకటనేనని తట్టలేదు. చర్చి కాగితమే కదా అనుకుంది!

మూడు వారాలకు ఎవరో మహానుభావుడు ఆ కాగితాన్ని ఆఫీసుకి పోస్టు చేశాడు. సోమవారం పై అధికారి హౌగెన్ దాన్ని ఆర్డిస్ బల్ల మీద పెట్టాడు.

"నువ్వూ ఆ చర్చికే వెళ్తావుగా? ఇది ఎవరు వేశారో తెలుసా?"

ఆర్డిస్ పింఛనుకి ఇంకా మూడేళ్లుంది. "ఎవరెవరో ఇస్తుంటారండీ, నాకేం తెలుసు?" అంది.

డానికాను పిలిచి అడిగితే, ఆ పిల్లా తెలీదనే చెప్పింది. బయటికొస్తూ ఆర్డిస్ బల్ల దగ్గర ఆగింది.

"ఒంట్లో బాగాలేదా ఆర్డిస్ గారూ? అలా ఉన్నారేంటి?"

"ఏం లేదు తల్లీ. కాస్త తలనొప్పి."

మంగళవారం చెబుదామనుకుంది. బుధవారం హౌగెన్ తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. అన్నం సహించలేదు, ప్రార్థన నోట రాలేదు. గురువారం హౌగెన్ ఇద్దరితోనూ, రేపు చర్చి పాస్టర్‌ని పిలిచి అడుగుతానన్నాడు. ఆ సాయంత్రమే డానికా వచ్చి, ప్రకటన తనే ఇచ్చుకున్నానని రాసి సంతకం పెట్టింది. వేరేవాళ్లు వేసిందైతే రెండు మ్యాచ్‌ల నిషేధంతో పోయేది. తెలిసి చేసిందని సీజనంతా నిషేధించారు.

శుక్రవారం పొద్దున్నే ఆర్డిస్ హౌగెన్ ముందు ఏడ్చేసింది. "నేనండీ! వేసింది నేను!"

ఆయన లేచి తలుపు మూశాడు. "ఇప్పుడా చెప్పేది? ఆ పిల్ల సంతకం పెట్టేసింది. నువ్వేశావని తేలితే, అబద్ధం రాసిచ్చిందని దాని మీద ఇంకో కేసు. స్కాలర్‌షిప్పు కూడా పోతుంది. దానికి మేలు చేయాలనుంటే ఇక నోరు మూసుకో."

మూసుకుంది. డానికా చదువు పూర్తిచేసి ఊరు విడిచి వెళ్లింది. మళ్లీ గోలు ముందు నిలబడలేదు. ఆర్డిస్‌కి పింఛను వచ్చింది. నెల నెలా అది చేతికందుతుంటే సిగ్గుతో చచ్చిపోయేది.

పదమూడేళ్లకు ఆ నిబంధనే ఎత్తేశారు. ఆటగాళ్లు పిజ్జా ప్రకటనల్లో నవ్వుతున్నారని రేడియోలో విని, డెబ్బై మూడేళ్ల ఆర్డిస్ నంబరు కనుక్కుని డానికాకు ఫోన్ చేసింది. మొత్తం చెప్పింది.

"నాకు మొదటి రోజే తెలుసండీ," అంది డానికా. "ఆ ఫొటో తీసింది మీరేగా."

"మరి నీ మీదెందుకు వేసుకున్నావే పిల్లా?"

"పాస్టర్ మీ పేరు చెప్పేవాడు. మీ ఉద్యోగం పోయేది." మళ్లీ తనే అంది. "కానీ ఆ నాలుగు రోజులూ, మీరే చెప్పేస్తారని ఎదురుచూశానండీ."