కారు దిగని ఇంజనీరు

"ప్రోగ్రామింగ్ నీవల్ల కాదు" అని మేనేజరు నన్ను తీసేసిన వారం, 2009లో, పరాయి దేశంలో నేనుంటున్న బాతెల్ ఊరి నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి కొండల్లో ఒక పాత దుంగల కేబిన్‌లో దిగాను. ఓనరు డెబ్బై దాటిన ముసలావిడ. గోడలోని దుంగలను ఒక్కొక్కటిగా సుత్తితో తట్టి, చెవి పెట్టి వింటోంది. మా అమ్మమ్మ సంతలో కుండను అచ్చం ఇలాగే మోగించి చూసేది.

అట్టడుగు దుంగ డొల్లగా మోగింది.

"ఇదొక్కటే కుళ్లింది. చూడ్డానికొచ్చిన ఇంజనీరేమో ఇల్లంతా కూల్చేయమన్నాడు. కారు కూడా దిగలేదు, వెధవ!"

"మరిప్పుడేం చేస్తారు?"

"దీన్ని కోసేసి కొత్తది ఎక్కిస్తా. మిగతావాటి మీద ఎవడైనా చెయ్యి వేస్తే ఊరుకోను."

మర్నాడు జాకీలతో గోడ లేపి, కొత్త దుంగకు ఒక కొస నేనే పట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. మా మేనేజరు నా కోడ్ ఒక్కసారైనా తెరిచి చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ కేబిన్ మెట్ల మీదే కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. రెజ్యూమెలో నేనే చెరిపేసిన ‘ప్రోగ్రామర్’ అన్న మాటను ఆ బొబ్బల చేతులతోనే మళ్లీ టైప్ చేశాను.