మేస్త్రి కట్టిన మొండి స్తూపం

మా వీధి చివర తాపీమేస్త్రిని అందరం స్తూపాల మేస్త్రి అనేవాళ్ళం. అడవిలో అన్నలు ఎవరైనా పోతే దళం కబురు పెట్టేది, ఈయన ఎర్రస్తూపం కట్టేవాడు. వారం తిరక్కుండా పోలీసులొచ్చి ఈయన చేతే కూల్పించేవాళ్ళు. కట్టినందుకు పిడికిలెత్తి ఒక దండం, కూల్చినందుకు వీపు మీద ఒక తన్ను. ఆయన కట్టి కూల్చిన ఇటుకలతో చంద్రుడి దాకా మెట్లు కట్టొచ్చు.

ఎటూ కూల్చేది తనే కదా అని మేస్త్రి ఇసకకి సిమెంటు వాసన చూపించి కట్టేవాడు. ఒక స్తూపమైతే ఇన్‌స్పెక్టరు తుమ్మితే పడిపోయింది, నా మీద ఒట్టు.

ఇంతలో మేస్త్రి అక్క కొడుకు అడవికెళ్ళి దళంలో కలిశాడు. తీసుకుపోయింది దళం నాయకుడు, పెద్దన్న. అక్క వండిన అన్నం మూడుసార్లు మారు వడ్డించుకుని, "నీ కొడుకు లోకానికంతటికీ కొడుకమ్మా" అని మూతి తుడుచుకున్నాడు. ఏడాదికి కుర్రాడు కాల్పుల్లో పోయాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు. పెద్దన్న నుంచి మాత్రం కబురొచ్చింది: స్తూపం కట్టు.

అక్క తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది. "ఒరే, దీన్నీ ఇసకతోనే కడతావా? తల ఆనించుకోడానికి నాకిదొక్కటేరా మిగిలింది."

మేస్త్రి తన ఇంటి స్లాబు కోసం దాచుకున్న ఇనుప చువ్వలన్నీ అందులో దించేశాడు. పోలీసులొచ్చారు. సుత్తి పిడి విరిగింది, మేస్త్రి పళ్ళు రెండు ఊడాయి, స్తూపం మాత్రం నడుమెత్తు మొండిగా మిగిలింది. కొట్టీ కొట్టీ విసుగొచ్చి వాళ్ళే పోయారు. రోజూ అక్క పోయి ఆ మొండికి చెంప ఆనించి కూర్చునేది.

కొన్నేళ్ళకి పెద్దన్న లొంగిపోయాడు. మెడలో దండ, వెనక గన్‌మన్, ఇంటికి స్థలం. ఆ స్థలం సరిగ్గా మొండి వెనకాలే! ఇల్లు లేచింది, కారొచ్చింది, మేస్త్రికి పిలుపొచ్చింది. నేనూ వెనకాలే దూరాను, ఆగుతానా?

"గేటుకి ఈ మొండి అడ్డొస్తోంది మేస్త్రీ. తీసెయ్."

"ఇదెవరిదో గుర్తుందా అన్నా?"

"బోలెడుమంది పోయారయ్యా. ఎవరిదని గుర్తుపెట్టుకోను?" అంటూ పళ్ళు కుట్టుకుంటున్నాడు. చచ్చిన ఎలకని చూసినా అన్నం తినగలిగే మనిషిని నేను, ఆ పూట ముద్ద దిగలేదు.

మేస్త్రి తాపీ కింద పెట్టేశాడు. "ఇసకతో కట్టినవి ఏవైనా మిగిలుంటే చెప్పన్నా, నోటితో ఊదేస్తా. ఇది నా వల్ల కాదు."

పెద్దన్న పొక్లెయిన్ తెప్పించాడు. అక్క ఎక్కి మొండి మీద కూర్చుంది. "పోలీసోడు కొట్టాడంటే వాడి ఉద్యోగంరా. నా అన్నం తిన్నావు, నీకేం రోగం?" డ్రైవరు బండి ఆపి దిగిపోయాడు. గన్‌మన్ ఆకాశంలో కాకుల్ని చూస్తూ నిలబడ్డాడు.

చివరికి పక్క ఊరి మేస్త్రి వచ్చి గేటు వంకరగా పెట్టాడు. ఇప్పుడు పెద్దన్న కారు బయటికి తీసినప్పుడల్లా మొండికి గీసుకుంటుంది. కొత్త కారు ఒళ్ళంతా పిల్లి రక్కినట్టుంది.

ఆ గీకుడు చప్పుడు వినపడితే చాలు, అక్క వంటింట్లోంచి అంటుంది: "అదిగో, మావాడు పలికాడు."