జిగురులో నూలుపోగు

ఆమె రెండు అరచేతులతో పుర్రెను ఎత్తి ఇసుక సంచి మీద ఆనించింది. కోట్ల ఏళ్ల కిందట బతికిన ఏదో బల్లిది; పిడికిలంత ఉంటుంది, రాయైపోయింది. దవడ దగ్గరి పగులు నిన్నటికంటే వెంట్రుకవాసి పెరిగింది.

"మీ నాన్న పెట్టిన జిగురే కొంప ముంచుతోందమ్మా," అన్నాడు మ్యూజియం పెద్దాయన. "ఎండిపోయి లోపల్నుంచి లాగుతోంది. ఎక్స్‌రేకి ఈ ఇనుపరాయి అడ్డం. న్యూట్రాన్ బొమ్మలోనూ అతుకు కనబడకపోతే విప్పలేం, మొత్తం బంక పోసి మూసేద్దాం."

మూసేస్తే లోపలి పళ్లు ఇక ఎవరి కంటా పడవు. నాన్న పేరుకి ఆ మచ్చా పోదు.

నాన్నని అక్కడందరూ జిగురాయన అనేవాళ్లు. బడి వదలగానే ఆమె ఆయన బల్ల కింద చేరేది. ఆయన చొక్కాకి పట్టిన జిగురు వాసన ఇప్పటికీ ముక్కుకి తెలుసు. "అతికించడం ఎవడైనా చేస్తాడే బంగారం. విప్పే దారి వదిలేవాడే పనోడు," అనేవాడు. ఇంట్లో అమ్మ గోల వేరు: "నా నూలుండ మళ్లీ మాయం! రాళ్లకి చొక్కాలు కుడుతున్నాడా ఈయన?"

న్యూట్రాన్ యంత్రం నడిపే అమ్మాయి పుర్రెను కొంచెం కొంచెంగా తిప్పుతూ వందల బొమ్మలు తీసింది. "ఈ కిరణాలు ఇనుపరాయిలోంచి దూరిపోతాయక్కా. జిగురుంటే మాత్రం ఆగుతాయి."

తెర మీద జిగురు పట్టీ తేలింది. దాని కొసనుంచి దవడ వెనక్కి ఒక వంకర గీత.

"ఇదేంటక్కా, చెట్టు వేరా?"

"కాదు," అంది ఆమె. "మా అమ్మ నూలు."

కిరణాలు తగిలిన రాయిలో రేడియోధార్మికత తగ్గిందని పరీక్షించి చెప్పేదాకా నాలుగు రోజులు ముట్టుకోనివ్వలేదు. ఐదో రోజు గీత చూపిన చోట, అతుకు కనబడకుండా నాన్న పూసిన రంగు గీకితే పోగు కొస దొరికింది. సూదితో దానిమీద చుక్క చుక్కగా జిగురుని కరిగించే ఎసిటోన్ వదిలింది. అది పోగు వెంటే లోపలికి పాకింది. మూడు రోజులకి దవడ దానంతటదే చేతిలోకి వచ్చింది, పళ్లతో సహా.

పాత జిగురు తుడిచి, పళ్లకి ఫొటోలు తీయించి, కొత్త జిగురులో ఓ నూలుపోగు పరిచి, కొస బయటికి వదిలి అతికించింది.

"మళ్లీ ఈ తోకేంటమ్మా?" అన్నాడు పెద్దాయన.

"విప్పే దారండీ. నాన్న వదిలాడు గానీ ఎక్కడుందో రాయలేదు."

ఆమె చీటీ మీద పోగు ఉన్న చోటు గీసి, పెట్టె మూతకి లోపలివైపు అంటించి, పెట్టె ఆయన చేతికిచ్చింది.