ఐదో తరం గుర్తురాని పూట

ఆ రోజుల్లో నా నడుముకు వంగడం తెలియదు. జబ్బు వల్ల కాదు, వంశం వల్ల. బలసముద్రం పక్కన ఒక పూటంతా నడిచినా దాటలేనంత పొలం ఒకప్పుడు మాదేనని మా ఇంట్లో చెప్పుకునేవారు. నాకు తెలివి వచ్చేసరికి అందులో మిగిలింది నాలుగెకరాలు. అదీ సోలార్ కంపెనీకి లీజుకు పోయి, వేరుశనగ పండిన చోట నల్లటి పలకలు మొలిచాయి. ఇరవై నాలుగేళ్ల వయసులో ఆ పలకలు కడిగే కూలీల మీద సూపర్‌వైజరుగా చేరాను. ఒక వరుస నుంచి ఇంకో వరుసకు పోవాలంటే అందరూ పలకల కింద దూరేవారు. నేను మాత్రం ఎండలో వరుస చివరిదాకా నడిచి చుట్టూ తిరిగి వచ్చేవాణ్ణి. మా పొలంలో నేనెవరికి వంగాలి? కంపెనీ ఇచ్చిన పసుపు హెల్మెట్ కూడా మోటారు సైకిలుకే వేలాడేది, కూలీల నెత్తి మీదా అదే రంగు కాబట్టి. మధ్యాహ్నం వాళ్లు సద్ది విప్పినప్పుడు కాస్త ఎడంగా కూర్చుని మా ఏడు తరాల పెద్దల గురించి వరసగా చెప్పేవాణ్ణి. వింటున్నారో లేదో చూసేవాణ్ణి కాదు. (వెనకాల నన్ను ‘ఏడుతరాలు’ అని పిలుచుకునేవారని చాలా ఆలస్యంగా తెలిసింది.)

ఒక ఉదయం పలక కింద పాముందని ఆడకూలీలు కేకలు వేశారు. వంశం పరువు నా చేతిలో ఉందనిపించింది. కర్ర పట్టుకుని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి పలక కింద దూరాను. అక్కడ పాము లేదు, నీళ్ల పైపు ముక్క ఒకటి ఉంది. “పైపును సంపినాడు మా సామి!” అని ఎవరో అన్నారు. నవ్వులు. ఆ నవ్వులకు రోషం పొడుచుకొచ్చి, నేను ఎక్కడున్నానో మరిచిపోయి, నిటారుగా లేచి నిలబడ్డాను. నిలబడబోయాను అనాలి. పలకను మోసే ఇనుప కమ్మీ నడినెత్తిన తగిలింది. కళ్ల ముందు తెల్లగా ఒక మెరుపు మెరిసింది. తడుముకుంటే నెత్తురు లేదు. నొప్పిని పంటి బిగువున పట్టి బయటికొచ్చి, ఏమీ జరగనట్టు మీసం సవరించుకున్నాను.

ఆ తరువాతిది నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. పలకల మీది ఎండ సూదుల్లా కళ్లలో గుచ్చుకుంది. తలలో ఎవరో మెల్లగా మేకు దిగేస్తున్నట్టుంది. పక్కకు వెళ్లి వాంతి చేసుకుని, పొద్దున తిన్న ఉగ్గాణి మీద నేరం మోపాను. అప్పుడు గుంపులో పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. పలకలు రాకముందు ఆ నేల మీదే గొర్రెలు మేపినవాడు. పొట్టేళ్లు బాగా పెంచేవాడని అందరూ ఆయన్ను పొట్టేలాయన అనేవారు.

“నీళ్ల ట్యాంకరు వచ్చిందా?” అన్నాను.

“వచ్చినాది సామీ. నువ్వు అడగబట్టి ఇది నాలుగోసారి.”

“ఎవరు, నేనా? ఇప్పుడే కదా అడిగింది!”

ఆయన నవ్వలేదు. “పొట్టేళ్లు కొట్లాడుకున్నప్పుడు నెత్తురు కారేదానికి నేను బయపడను సామీ. నెత్తురు లేకుండా పక్కకు పొయ్యి, మేత ముట్టకుండా నిలబడ్తాది సూడు, దానికే బయపడ్తా. యాదీ, నీ ఏడు తరాలు ఒకతూరి చెప్పు.”

నా తల మీద ఆయనకున్న అనుమానం తీర్చడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మా నాయన, కోర్టుకెక్కిన తాత, రెండు బావులు తవ్వించిన ముత్తాత, ఆయన తండ్రి. అక్కడ ఆగిపోయాను. ఐదో ఆయన ఉండాల్సిన చోట ఏమీ లేదు. చీకటి కూడా లేదు. నిద్రలో లేపినా చెప్పగలిగిన వరస అది. నాకున్న ఆస్తి అదొక్కటే. మళ్లీ మా నాయన దగ్గర మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగాను.

ఒక ఆడమనిషి మెల్లగా అందించింది: “గుర్రమాయన కదా సామీ?”

పొట్టేలాయన అందుకున్నాడు. “అవునప్పా, గుర్రం మీద నుంచి పడినా అబ్బా అనలేదు, లేసి సంగటి తిని పండుకున్నాడు, తెల్లారి లేయలేదు అని నువ్వే కదా గొప్పగా చెప్తావు. ఆయప్ప ఒక్కతూరి అబ్బా అనింటే బతికేటోడేమో. నువ్వన్నా అను.”

మీసం వదిలేశాను. “బయమేస్తాంది,” అన్నాను. అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది.

పొట్టేలాయన తోడుగా కంపెనీ జీపులో పావగడ పోయేలోపు ఇంకో రెండుసార్లు వాంతయింది. ఇంట్లో చెప్పవద్దని మాత్రం పట్టుబట్టాను. ఆసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ కళ్లలోకి టార్చి వేసి, ఆ రోజు ఏ వారమో అడిగింది. తప్పు చెప్పాను. స్పృహ తప్పకపోయినా, నెత్తురు రాకపోయినా మెదడు అదిరి ఉండవచ్చునట. వాంతులు ఆగకపోవడం, నొప్పి పెరగడం, మాట తడబడడం చూస్తే లోపల నెత్తురు కారుతోందేమో చూడాలని స్కాన్ కోసం తుమకూరుకు పంపింది. అంబులెన్సులో దారి పొడుగునా ఎడమచేతి వేళ్లు కదిపి చూసుకుంటూనే ఉన్నాను. ఒక్కో వేలు మాట విన్నప్పుడల్లా కాస్త ఊపిరి. నిద్ర ముంచుకొస్తే పొట్టేలాయన తట్టి లేపేవాడు. “పండుకుంటే పండుకో సామీ, పిలిస్తే మాత్రం పలకాల” అనేవాడు. ఆ చేతిని నేను గట్టిగా పట్టుకున్నానట. (ఇది నాకు గుర్తులేదు. ఆయన గోరు గుర్తులు చూపించాడు కాబట్టి నమ్మాను.)

స్కాన్‌లో నెత్తురు కనిపించలేదు. రాత్రికి అక్కడే ఉంచుకుని, మర్నాడు ఇంటికి పొమ్మన్నారు. తల నొప్పి మళ్లీ పెరిగినా, వాంతులు మొదలైనా, పిలిస్తే సరిగ్గా లేవకపోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా రమ్మని నర్సమ్మ చెప్పింది. ఎండ, ఫోను, బరువు పని కొన్నాళ్లు వద్దంది. నన్ను కనిపెట్టుకుని ఉండే మనిషి సంతకం పెట్టాలట.

“ఈయన మీకేమవుతారు?” అని ఆమె అడిగింది.

పొట్టేలాయన నా వైపు చూశాడు. పని చేసిన ఆరు నెలల్లో నేను ఆయన్ను “ఏయ్” అనే పిలిచాను.

“మామ,” అన్నాను. “మా మామ.”

ఆయన నా వైపు చూడకుండా వేలిముద్ర వేశాడు.

ఊళ్లోకి వచ్చాక ఆ మాట తలదెబ్బ వల్ల వచ్చిందని కొన్నాళ్లు అందరికీ చెప్పుకున్నాను. ఎవరూ నమ్మలేదు. నెల తిరిగేసరికి నొప్పి పోయింది, కళ్లు ఎండకు అలవాటుపడ్డాయి, వంశవృక్షం మొత్తం తిరిగొచ్చింది. పిలుపు మాత్రం నయం కాలేదు. మొన్న హొసకోట బస్టాండులో పొట్టేలాయన కనిపిస్తే, ఇంత నడుము వంచి, మామా టీ తాగుతావా అని అడిగాను. అప్పటి ఆ బిగుసుకుపోయిన కుర్రవాడు అక్కడే ఎక్కడో నిలబడి నన్ను చూసి సిగ్గుపడుతున్నట్టనిపించింది. పడనీ, వాడికి ఇంకా ఇరవై నాలుగేళ్లే కదా.