మూసిన నోటి రాగం

మా అమ్మ గొంతును చెరిపేసింది నేనే. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

అమ్మ తొంభైల చివర్లో ఒక మార్చి నెలలో పోయింది. మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. మార్చి అంటే మావైపు ఊరి చుట్టూ మిరప కళ్లాలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. అమ్మ పెళ్లికి ముందూ, పెళ్లయ్యాక చాలా ఏళ్లూ ఆ కళ్లాల్లో రంగు పోయిన తాలు కాయలు ఏరే పనికి వెళ్లేది. నాన్న ప్రాథమిక పాఠశాలలో టీచరు, భార్య కూలికి పోవడం ఆయనకు నామోషీ. అమ్మకు మాత్రం ఆ నలుగురితో కూర్చుని పాడుకోకపోతే అన్నం సయించేది కాదు.

కళ్లంలో నోరు తెరిచి పాడడం కుదరదు, ఘాటుకి దగ్గు ముంచుకొస్తుంది. ఆడవాళ్లందరూ మూతికి గుడ్డ కట్టుకుని కూర్చుంటారు. అమ్మ ఆ గుడ్డ వెనక నోరు మూసుకునే రాగం తీసేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. దూరం నుంచి చూస్తే ఎవరి మూతీ కనిపించదు, రాగం మాత్రం వస్తుంటుంది. చిన్నప్పుడు నాకు అది భయంగా ఉండేది. అమ్మ చర్చిలోనూ అదే అలవాటు పెట్టింది. ముందు నోరు మూసుకుని రాగం, ఆ తర్వాత మాటలు. పాట దేవుడిది, రాగం కళ్లానిది అని పాస్టరుగారు సణిగేవారు. కానీ మా చర్చి స్త్రీల సమాజంలో ఆమె రాగం తీస్తే తప్ప ఒక్కరూ పాట ఎత్తుకునేవాళ్లు కాదు.

మా క్రైస్తవుల్లో పోయినవాళ్లకు ఏటేటా జ్ఞాపకార్థ కూడిక పెడతారు. షామియానా, ఫోటోకి దండ, బైబిలు వాక్యం, పాటలు, టీ. అమ్మ మొదటి ఏడాది కూడికలో నాన్న ఒక క్యాసెట్ తీసి మైకు సెట్టులో వేయించాడు. అమ్మ బతికుండగా ఒక కూడికలో మామయ్య రికార్డు చేసింది. అరగంట ఉంటుంది. ముందు ఆ మూసిన నోటి రాగం, తర్వాత పాట. స్త్రీల సమాజం మొత్తం క్యాసెట్‌తో కలిసి పాడింది. అది విన్నాక ఊళ్లో సగం మంది ఆ క్యాసెట్ ఒకసారి ఇమ్మని మా ఇంటి చుట్టూ తిరిగారు. మా ఊళ్లో అరువు వెళ్లిన క్యాసెట్ తిరిగొచ్చిన చరిత్ర లేదు. నాన్న అవసరాన్ని బట్టి తెలివైనవాడు. ఆ తెలివే కొంప ముంచింది.

ఇప్పుడు మామయ్య సంగతి చెప్పాలి. అమ్మకు తమ్ముడు, గుంటూరు రైల్వేలో గుమాస్తా. ఆయనకు రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ స్నేహితుడు ఉండేవాడు. ఆ స్నేహితుడి దగ్గర యాభైల నాటి అమెరికా పాటలు, రాక్ అండ్ రోల్ మొదలైన రోజులవి, పాత రికార్డుల నుంచి ఎక్కించుకున్న టేపులు ఉండేవి. వాటి మీద పేర్లు లేవు, అంకెలు మాత్రమే. మామయ్య వాటిని సంచిలో వేసుకుని మా ఇంటికి తెచ్చేవాడు. పాడినవాళ్ల పేర్లు మాకెవరికీ తెలియవు కాబట్టి మేమే పేర్లు పెట్టుకున్నాం. పియానో విరగ్గొట్టేవాడిలా బాదుతూ కేకలు పెట్టేవాడు అరుపులాయన. వెన్న రాసినట్టు పాడేవాడు నున్నగొంతాయన. మాటకీ మాటకీ మధ్య గొంతు తెంపేవాడు వెక్కిళ్లాయన. వీళ్లందరికంటే ముందు, చేతిలో గిటారుతో చర్చి పాటలు పాడిన ఒకావిడ. ఆమెకు మేం పేరు పెట్టలేదు, ఆవిడ అనేవాళ్లం.

నేను అప్పటికి డిగ్రీ అయిపోయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నాను. అమ్మ లేని ఇల్లు, మాట్లాడని నాన్న. ఆ పాటలే నాకు ఊపిరి. మామయ్యా నేనూ వాటి మీద పోట్లాడుకునేవాళ్లం. నున్నగొంతాయనే వీళ్లందరికీ రాజు అని మామయ్య. అరుపులాయన ముందు అరిచి దారి వేయకపోతే ఆ నున్నటాయన ఇప్పటికీ జోలపాటలు పాడుకుంటూ ఉండేవాడని నేను. మొత్తం మీద ఒక సంగతి మాత్రం ఇద్దరం ఒప్పుకునేవాళ్లం. వీళ్లు ముగ్గురూ ఆవిడ సొత్తే తిన్నారు. ఆ గిటారు దెబ్బ ఆవిడదే, మాట చివర గొంతు పైకి విరవడం ఆవిడదే. ప్రభువా అన్నచోట పిల్లా అని పెట్టుకుని, చర్చిలో అరిచిన అరుపే డాన్సు హాల్లో అరిచారు.

మామయ్య ఒక ఆట పెట్టేవాడు. పాట మొదలైన రెండు క్షణాల్లో టేపు ఆపేసి ఎవరో చెప్పమనేవాడు. ఒక్కోసారి ఊపిరి పీల్చిన చప్పుడు మాత్రమే వినిపించి ఆపేవాడు. నేను ఒక్కసారీ తప్పలేదు. ఎవరి గొంతులో ఎవరున్నారో నాకు తెలిసినట్టు ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలియదని పొగరుగా ఉండేది.

రెండో ఏడాది సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం మామయ్య హడావిడిగా వచ్చాడు. స్నేహితుడు కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్లిపోతున్నాడట, టేపులన్నీ సర్దేస్తున్నాడట. మేం ఇంకా వినని టేపు ఒక్కటి మాత్రం ఆ రాత్రి వరకు అడిగి తెచ్చాడు. సాయంత్రం ఐదు గంటల బస్సుకి తిరిగి వెళ్లిపోవాలి. ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు, ఆదివారం కాబట్టి ఊళ్లో కొట్టు తెరవలేదు. బీరువాలో వెనక వరసలో నాన్న కొనుక్కున్న చర్చి ప్రసంగాల క్యాసెట్లు ఉన్నాయి. సంపాదనలో దశమభాగం చర్చికి ఎందుకివ్వాలి లాంటివి. వాటిని మా ఇంట్లో ఎవరూ రెండోసారి విన్న పాపాన పోలేదు. ఒక డబ్బా తీశాను. లోపలి క్యాసెట్ మీద చీటీ లేదు. చెరిగిపోకుండా పైన విరగ్గొట్టే చిన్న ప్లాస్టిక్ రేకు విరగ్గొట్టి ఉంది. మళ్లీ రికార్డు అయ్యేలా ఆ సందు మీద ప్లాస్టరు ముక్క అంటించాను. రెండు క్యాసెట్ల టేపురికార్డర్లో పెట్టి మీట నొక్కి, అది ఎక్కుతుంటే మామయ్యా నేనూ అరుగు మీద టీ తాగుతూ అరుపులాయన గొప్పా నున్నగొంతాయన గొప్పా అని వాదించుకున్నాం. లోపల ఏం ఎక్కుతోందో ఏం చెరుగుతోందో ఒక్కసారి వెళ్లి విన్నా సరిపోయేది.

మార్చి మొదటి వారంలో నాన్న ఫలానా ప్రసంగం డబ్బా తెమ్మన్నాడు. ఎందుకు నాన్నా అన్నాను.

"మీ అమ్మ క్యాసెట్ అందులో పెట్టా. పాటల డబ్బాలో ఉంటే ఎవురో ఒకరు పట్టుకుపోతారు. ప్రసంగం డబ్బా ఎవురడుగుతారు?" అన్నాడు, తన ఉపాయానికి తనే కొంచెం నవ్వుకుంటూ.

నేను ఆ ఆదివారం తీసింది ఆ డబ్బానే. వెతికి తెస్తానని చెప్పి లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

ఇన్నాళ్లూ చివరి పాట అయిపోగానే ఆపేసేదాన్ని, ఈసారి మొదటి నుంచి చివరిదాకా విన్నాను. అరుపులాయన, వెక్కిళ్లాయన, మళ్లీ అరుపులాయన. అమ్మ ఎక్కడా లేదు. అయితే మా టేపురికార్డరు సగం సగమే చెరిపేది, కొత్త పాట అడుగున పాతది సన్నగా వినబడడం మాకు అలవాటే. చెవి స్పీకరుకు ఆనించి విన్నాను. చివరి పాట అయిపోయాక కొంచెంసేపు ఇసుక జారుతున్న చప్పుడు. ఆ తర్వాత ఒక ఊపిరి. ఆ ఊపిరి వెంట, నోరు మూసుకుని తీస్తున్న రాగం. ఆడగొంతు. కింద మొదలై, మెల్లగా ఎక్కి, చివర పైకి విరిగింది. అర నిమిషం ఉంది. అక్కడితో టేపు అయిపోయింది.

అమ్మే అనుకున్నాను. వెంటనే, ఆ పైకి విరవడం ఆవిడది కదా అనుకున్నాను. మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఊపిరి వినిపిస్తే మనిషిని చెప్పగలిగే నేను, కన్నతల్లి గొంతో, ఎప్పుడో పోయిన పరదేశి గొంతో తేల్చుకోలేకపోయాను. వినగా వినగా ఆ రాగం నన్నే వింటున్నట్టు అనిపించి ఆపేశాను. కిటికీ అవతల కళ్లంలో ఆడవాళ్లు మూతులకు గుడ్డలు కట్టుకుని కాయలు ఏరుతున్నారు. ఎవరూ పాడడం లేదు.

మామయ్యకు కబురు పెట్టాను. ఆయన వచ్చి, సంగతి విని, టేపు పెట్టమన్నాడు. రాగం మూడుసార్లు విన్నాడు. అసలు టేపుతో పోల్చి చూద్దామంటే ఆ స్నేహితుడు అప్పటికే విమానం ఎక్కేశాడు.

"అక్కేననిపిస్తంది. కాదనీ అనిపిస్తంది. నన్నడగమాకే," అన్నాడు.

నాన్నకు అబద్ధం చెప్పాను. టేపుకి బూజు పట్టింది, పాటలు పోయాయి, చివర రాగం ముక్క ఒక్కటే మిగిలింది అన్నాను. డబ్బాలో పెట్టింది తనే కాబట్టి నాన్న తప్పు తనదే అనుకున్నట్టున్నాడు. ఉన్నదే వేద్దాంలే అన్నాడు. నిజం అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాకు ధైర్యం చాలలేదు.

కూడికలో మైకు సెట్టులో ఆ అర నిమిషం వేశారు. స్పీకరు కళ్లాల వైపు తిరిగి ఉంది. ఊపిరి వినబడగానే అక్కడ కాయలు ఏరుతున్నవాళ్లు చేతులు ఆపి తలలెత్తారు. షామియానా కింద స్త్రీల సమాజం నోళ్లు మూసుకుని ఆ రాగం అందుకుంది. టేపు ఆగిపోయినా వాళ్లు ఆగలేదు, చివర పైకి విరుస్తూ మళ్లీ మళ్లీ తీశారు. నలభై మంది పాడుతున్నారు, ఒక్క పెదవి కదలలేదు. నాన్న కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. మామయ్య లేచి రోడ్డు మీదకు వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ఏటా అదే. నాకు అద్దంకిలో టీచరు ఉద్యోగం వచ్చింది, నాన్న రిటైరై నా దగ్గరికి వచ్చేశాడు. మార్చి వస్తే ఇద్దరం క్యాసెట్ పట్టుకుని ఊరికి వెళ్లేవాళ్లం. రాగం చర్చి దాటి కళ్లాల్లోకి వెళ్లింది. అమ్మను ఎన్నడూ చూడని కోడళ్లు కూడా మూతిగుడ్డల వెనక అలాగే తీసేవాళ్లు. అది ఫలానా ఆమె రాగమని చెప్పుకునేవాళ్లు. బస్సులో వెళ్తూ ఏ కళ్లం పక్కనో ఆ పైకి విరుపు వినబడితే నేను కిటికీ మూసేసుకునేదాన్ని. అమ్మే అయి ఉంటుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆరేళ్లలో ఇంచుమించు నమ్మేశాను కూడా.

ఆ తర్వాత ఎంపీత్రీ సీడీల కాలం వచ్చింది. గుంటూరులో ఒక కొట్లో రెండు వందల పాత ఇంగ్లీషు పాటలున్న సీడీ దొరికింది. ఇంటికి తెచ్చి, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ పెట్టుకున్నాను. అరుపులాయన వచ్చాడు. నున్నగొంతాయన వచ్చాడు. పాత చుట్టాలు వచ్చినంత సంతోషంగా ఉంది. ఎన్నో పాటో తెలియదు, ఒక ఊపిరి వినబడింది.

పెన్ను చేతిలోనే ఉండిపోయింది. కింద మొదలైంది, మెల్లగా ఎక్కింది, చివర పైకి విరిగింది. ఇక్కడ ఆగాలి. ఆరేళ్లుగా అది ఇక్కడే ఆగింది. ఆగలేదు. గిటారు ఒక దెబ్బ పడింది, ఆ గొంతు నోరు తెరిచి ఇంగ్లీషులో పాడడం మొదలుపెట్టింది. అంత భయం నా జన్మలో ఎరగను. మా అమ్మ మంచం మీద నుంచి లేచి నాకు తెలియని భాషలో మాట్లాడుతున్నట్టు ఉంది. లేచి కరెంటు ప్లగ్గు పీకేశాను.

వారం రోజులు నోరు మెదపలేదు. కూడిక దగ్గర పడుతోంది. నాన్న క్యాసెట్ మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. ఆ తుడవడం చూడలేక ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. ప్లాస్టరు ముక్క, బూజు అబద్ధం, సీడీ, ఆవిడ. ఏడుస్తూ చెప్పాను. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

నాన్న క్యాసెట్ పక్కన పెట్టాడు.

"సరే. మరి మీ అమ్మ ఎట్టా తీసేదమ్మా? నువ్వు పక్కలో పడుకుని విన్నదానివి. ఒకసారి అను," అన్నాడు.

నోరు మూసుకున్నాను. కళ్లం, మూతిగుడ్డ, దాని పైన అమ్మ కళ్లు, అన్నీ గుర్తు తెచ్చుకున్నాను. ఊపిరి పీల్చి రాగం తీశాను. కింద మొదలైంది, మెల్లగా ఎక్కింది, చివర పైకి విరిగింది. ఆపి, ఇంకో రకంగా తీయబోయాను. మళ్లీ అదే వచ్చింది. మూడోసారీ అదే. నాలో ఎంత వెతికినా ఇంకో గొంతు లేదు.

తలెత్తి చూశాను. నాన్న కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు.

"అదే. అట్టాగే తీసేది," అన్నాడు.