అలుకు ఆరకముందే

మా పెద్దమ్మ పోయింది. పొద్దున్నే గోరిమేడు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కోసపాళయంలో ఆమె ఇంటి తాళం తీసి, ముందు వాకిలి ఊడ్చాను. ఆ తర్వాతే ఏడ్చాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆమె గురించి మంచే చెబుతాను. బతికున్న ఒకాయన గురించి మాత్రం మీకు మాటివ్వలేను.

ఆమె నాకు చుట్టం కాదు. మాది శ్రీకాకుళం వైపు. మా ఆయన ఇక్కడి వైతికుప్పంలో పడవల పనికి వస్తే వెంట వచ్చి, ఆమె ఇంట్లో తొమ్మిదేళ్ళు అంట్లు తోమాను. ఆమె గడప దాటేది కాదు. ఎవరైనా తలుపు కొడితే, "ఇంట్లో ఎవరూ లేరు" అని లోపలినుంచి తనే చెప్పేది.

"కూరేటి సెయ్యమంటారమ్మా?" అని నేనడిగితే, "ఏటికి పోతావా? ఈడ ఏరు యాడుండాదే?" అని నవ్వేది.

ఒకరోజు బీరువా దులుపుతుంటే కవితల పుస్తకం దొరికింది. అట్టమీద ఆమె తమ్ముడి ఫోటో. ఈ తమిళ ఊళ్ళో తెలుగు సభల్లో శాలువాలు కప్పించుకునే పెద్దకవి ఆయనే. నేను పది పాసైనదాన్ని. ఊరికే పైకి చదివాను: "అలక ఆరకముందే అడుగు పెట్టినావు..."

వంటింట్లోంచి కేక. "అలక కాదే! అలుకు! పేడతో వాకిలి అలికితే ఆరొద్దా? అలక ఆరేదేంది?"

అలా బయటపడింది. ఆమెకు తెలుగు నోట్లో ఉంది గాని చేతిలో లేదు. బడిలో చదివింది తమిళం. పడుచుతనంలో ఆమె కవితలు కట్టి చెబితే, తెలుగు రాత నేర్చిన తమ్ముడు రాసుకున్నాడు. పుస్తకం అచ్చయ్యాక దానిమీద తన పేరు లేదని ఎవరో చెబితేగాని ఆమెకు తెలియలేదు. అడిగితే, "ఆడదాని పేరుంటే ఎవరు చదువుతారక్కా?" అన్నాడట. ఆ రోజే ఆమె తలుపు మూసుకుంది. మళ్ళీ ఒక్క పాదం చెప్పలేదు.

నాకు చెప్పింది. మధ్యాహ్నం పని అయ్యాక రాయించేది. నేను నేలమీద కూర్చోబోతే ఒప్పుకునేది కాదు. "రాసేదానికి కుర్చీ కావాల. కింద కూచుంటే అక్షరం వంగుతాది." రాసినదాన్ని రెండుసార్లు చదివించుకుని, ప్రతి కాగితం కిందా తమిళంలో సంతకం చేసేది.

"ఆయన్ని నలుగురిలో కడిగేద్దామమ్మా" అన్నానొకసారి.

"పగను ఊరబెట్టాల పిల్లా. తొందరపడితే పచ్చివాసన. నేనుండంగా చదివితే అక్కాతమ్ముళ్ళ సండ, ఇంటి కొట్లాట అంటారు. పోయినాక చదువు."

కర్మ రోజు ఇంటినిండా జనం. తమ్ముడు పటానికి దండవేసి, కళ్ళొత్తుకుని, "అక్క కోసం నేను రాసింది" అంటూ అదే కవిత ఎత్తుకున్నాడు. నేను మజ్జిగ గ్లాసుల పళ్ళెం కింద పెట్టాను.

"అలకెలాగ ఆరుతాదండీ?" అన్నాను.

"పనిమనిషివి, నువ్వు సుమ్మా నోరు మూసుకుని ఉండు" అన్నారెవరో. ఉండలేదు. కాగితాలు తెచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమె కొత్తగా చేర్చిన పాదంతో సహా చదివాను.

"అలుకు ఆరకముందే అడుగు పెట్టినావు తమ్ముడా,
నీ కాలిగుర్తు నా వాకిట్లోనే ఎండిపోయె."

కాగితాలు చేతులు మారాయి. అక్కడ తెలుగు చదవగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. కాని కింది తమిళ సంతకం అందరూ చదివారు. పక్కింటి ముసలావిడ వేలితో తడిమి, "ఇది అక్క చేతిరాతే" అంది. ఆయన లేచి గుమ్మంవైపు నడిచాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన మనిషికి నేను చెల్లించగలిగింది అదొక్కటే.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. గుమ్మం ముందు చెప్పుల గుంపులో తనవి కనబడక ఆయన వెతుక్కున్నాడు. అవి గోడవారనే ఉన్నాయి. నాకు కనిపిస్తూనే ఉన్నాయి. చెప్పలేదు. కాలిపోతున్న తారుమీద ఒక్కో కాలూ ఎత్తెత్తి వేస్తూ ఆయన వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను.