పప్పులో రెండుసార్లు ఉప్పు

తొంభైల చివర్లో కామారెడ్డిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాలు చెప్పేదాన్ని. ఎల్లారెడ్డి నుంచి రోజూ పొద్దున బస్సు. ఆ కొలువంటే నాకు ప్రాణం, మా అత్తకు కంట్లో నలుసు. బస్సు తొందరలో పప్పు ఉప్పుకషాయం చేస్తున్నానని ఆమె తీర్పు. ఇంకొక్కసారి అలా అయితే కొలువు బంద్ అని తేల్చేసింది.

నిజానికి నేనూ, పెద్దకోడలైన మా తోడికోడలూ ఎవరికి వారే రుచి చూసి, చప్పగా ఉందనుకుని, చెరో చెంచా వేసేవాళ్లం. చెబితే వినేదెవరు?

ఆ వారమే క్లాసులో కెర్నెల్ పాఠం. కెర్నెల్ అంటే యంత్రాన్నంతా నడిపే లోపలి ప్రోగ్రాం. అందులో రెండు పనులు మెమరీలోని ఒకే అంకెను ఒకేసారి చూసి, ఐదని చదివి, చెరొకటి కలిపి ఆరని రాస్తే, ఏడు కావాల్సింది ఆరే మిగులుతుంది. విద్యార్థులు నా వైపు గోడను చూసినట్టు చూశారు. ఉండబట్టలేక మా పప్పు కథ చెప్పాను. అందరికీ అర్థమైంది. అంతటితో ఊరుకుంటారా? భిక్నూర్ నుంచి వచ్చే అమ్మాయికి మేనత్త మా వీధిలోనే ఉంది. వారం తిరక్కుండానే కథ మా ఇంటికొచ్చింది.

మర్నాడు అత్త నాతోపాటు బస్సెక్కి, క్లాసులో ఆఖరి బెంచీ మీద కూర్చుంది. పోయే కొలువే కదా అని మొండికేసి పాఠం పూర్తిగా చెప్పాను. ఉప్పు డబ్బా ఒక్కటే ఉండాలి. అది చేతికొచ్చాకే రుచి చూడాలి, ముందు చూసింది చెల్లదు. వేసి, తిరిగి గూట్లో పెట్టేదాకా రెండోవాళ్లు ఆగాలి. డబ్బా పట్టుకుని పక్కింటికి ముచ్చట్లకు పోతే మాత్రం ఇవతలివాళ్లు పొయ్యి దగ్గరే నిలబడిపోతారు, యంత్రంలో పనులూ ఇలాగే ఆగిపోతే అది బిగుసుకుపోతుంది.

అత్త లేచింది. "మరి గా పప్పుల పెద్దది గూడ ఏసిందా?"

తలూపాను. క్లాసంతా నవ్వింది గానీ, ఇన్నాళ్లకు నా మాట విన్నదని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తిరుగు బస్సులో తాడ్వాయి దాటాక ఆమె తీర్పు చెప్పింది. "గింత లొల్లెందుకు? రేపటి సంది ఉప్పు నేనొక్కదాన్నే ఏస్త. మీరిద్దరు డబ్బ ముట్టకుండ్రి. నువ్వు బస్సుకు పో."

ఆమెకు బీపీ. ఉప్పు వేయడానికి చెయ్యి రాదు. మామ గొణిగేవాడు, తోడికోడలు మూతి ముడిచేది. నేను మాత్రం ఆ చప్పటి పప్పు కమ్మగా ఉందని మళ్లీ వడ్డించుకుని తిని, బస్సుకు పరుగెత్తేదాన్ని.